తలాపు కుండి

గా పార్కుల గన్ని బెంచీలున్నయి గద, గోపాల్ ఒక్కనాడు ఒక్కదాని మీద కూసోలే. పొద్దుగాల గేటు తాళం తీసినకాడికెల్లి పొద్దుమూకి మల్ల తాళం ఏసేదాక నిలవడే ఉంటడు. సద్ది గిన్నె గూడ ఆఫీసు గోడకు ఆనుకోని నిలవడే తింటడు. ప్లాట్లు చూడనొచ్చినోళ్లు "కూసోరాదె తమ్మీ, కాళ్లు గుంజుతలేవా?" అంటే, "నాకు గిట్లనే అలవాటు సార్" అని నవ్వుతడు. గొర్ల కాపరోళ్ల ఇంట్ల పుట్టినోడు, కట్టె మీద గదువ ఆనిచ్చి దినమంత నిలవడెటోళ్ల కొడుకు గద, అలవాటే కావచ్చని వాళ్లు అనుకుంటరు.

అలవాటు లేదు, పాడు లేదు. గా బెంచీలల్ల ఒకటి వాళ్ల బాపు గోరి.

నమ్మబుద్ధి అయితలేదు గద? ఉన్నది ఉన్నట్టు చెప్త, ఇనుర్రి.

నల్లగొండ దాటి దేవరకొండ తొవ్వ పట్టంగనే ఎడమచెయ్యి దిక్కు పెద్ద ఆర్చి కనవడ్తది. ఆర్చి మీద రెండు సిమెంటు ఏనుగులు, లోపల నల్లటి రోడ్లు, రోడ్ల నడుమ పార్కు. అంతకుముందు అది జంగయ్య చెలక. జంగయ్యంటే గోపాల్ వాళ్ల బాపు. ఆన మంచిగ పడితె కందులు, ఆముదాలు, పడకపోతె గొర్లకు మేత. ఆ చెలకల్నే ఒకనాడు గుండె పట్టుకోని కూలవడ్డడు, ఆ చెలకల్నే బొందవెట్టిండ్రు. మీద గోరి కట్టిండ్రు. మా దిక్కు చెలకలల్ల ఎటు జూసినా కనవడెటియ్యే: మనిషి పొడుగు గద్దె, మోకాలెత్తు, తలాపు దిక్కు తులసి పెట్టనీకె గద్దెకే అతికిచ్చి ఒక సిమెంటు కుండి. పేరు చెక్కిన పలక తర్వాత పెడ్దమనుకున్నరు. ఆ తర్వాత అనేది రానేలే.

చుట్టుపక్కల జాగలన్ని అమ్ముడువొయ్యి హద్దులకు రాతి కడీలు పాతిండ్రు. నడుమ వీళ్ల చెలక మిగిలింది. గొర్లు పోనీకె తొవ్వ లేదు, బండి రానీకె తొవ్వ లేదు. ఆఖరుకు గోపాల్ వాళ్లమ్మ సుక్కమ్మ ఒప్పుకున్నది, వెంచర్ చేసే కృష్ణకాంత్‌కు ఇచ్చేసిండ్రు. ఇచ్చేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"జాగ తీస్కో సారూ. నా మొగని గోరి ముట్టొద్దు. ఏటేట పెత్రమాసకు నేనొచ్చి ఆయన తలాపున దీపం పెట్టాలె. గంతే."

"పార్కు జాగలకు వస్తదమ్మా గోరి. అండ్ల ఎవ్వలు ఇల్లు గట్టరు. నా మాట," అన్నడు కృష్ణకాంత్. మాటకారి మనిషే గాని, గప్పుడు నిజంగనే అన్నడు. గోపాల్‌కు వెంచర్ల నౌకరి ఇచ్చిండు, గేటు పక్కన ఉండనీకె రెండర్రలు ఇచ్చిండు. గొర్లు పోయినయి, చెలక పోయింది, ఇగ గోపాల్‌కు అతని పెండ్లాం భాగ్యలక్ష్మికి, పిల్లలకు ఆ రెండర్రలే దిక్కు. సుక్కమ్మ కండ్లకు పొర అడ్డమొస్తాందని బిడ్డ పుష్ప ఆమెను పాలమూరుకు తోలుకపోయింది. గప్పట్సంది ఆమె ఆడనే.

ఆడిదాక మంచిగనే ఉండె. ఆగమైంది ఆ తర్వాత.

పార్కు ముంగటి ప్లాట్లంటే ఎవలైనా ఎగవడి కొనాలె. ఈడ ఒక్కలు కొంటలేరు. కార్ల దిగుతరు, మంచిగ నవ్వుకుంట వస్తరు, పార్కు నడుమ జంగయ్య గోరి చూస్తరు, గుటకలు మింగుతరు. "పొద్దున లేస్తె వాకిట్ల గోరి మొఖం చూడాల్నా?" అని తిరిగి కారెక్కుతరు. కృష్ణకాంత్ తల పట్టుకున్నడు. చుట్టు చెట్లు పెట్టిచ్చి కండ్లవడకుంట చేద్దామని హైదరాబాద్ నుంచి మమత అనే అమ్మాయిని పిలిపిచ్చిండు.

మమత పనేందంటే, మిద్దెల మీద, బాల్కనీలల్ల, హోటళ్ల ముంగట కుర్చీలు, బల్లలు, పూలకుండ్లు, దీపాలు అన్ని ఒకదానికొకటి కలిసేటట్టు సదురుడు. మ్యాచింగు. మనోళ్లు చీరెకు రైకెగుడ్డ ఎతుక్కుంట దుకాండ్లన్ని తిరుగుతరు చూడుర్రి, ఆమె కుర్చీకి కుండి గట్ల ఎతుకుతది. మంచి పిల్ల, కడుపుల ఏం పెట్టుకోదు. గాని పుట్టింది, పెరిగింది అపార్టుమెంట్ల. చెలక గట్టున నడిచి ఎరగదు.

పార్కుల కాలు పెట్టంగనే సక్కగ గోరి కాడికి పోయింది. చుట్టు తిరిగింది. మోకాళ్ల మీద కూసోని కుండిని నిమిరింది.

"ఎంత బాగుందో! బెంచీకీ కుండీకీ కలిపి కట్టేశారు. ఎవరి ఆలోచనండీ ఇది?"

గోపాల్‌కు ఏం సమజ్ కాలే. కృష్ణకాంత్ మొఖం చూసిండు. కృష్ణకాంత్ గూడ ఒక గడియ తెల్లవొయిండు. గంతల్నే అతని కండ్లల్ల ఏదో మెరిసింది. వచ్చి గోపాల్ భుజం మీద చెయ్యేసిండు.

"మా గోపాలోళ్ల పాత ముచ్చట మేడం. చెలకల పనిజేసి అలిసినప్పుడు కూసోనీకె కట్టుకున్నరు."

"అయితే దీన్ని ముట్టుకోవద్దు. మిగిలినవన్నీ దీనికే మ్యాచ్ చేద్దాం," అన్నది మమత.

గప్పుడు ఒక్క మాట. ఒక్కటే మాట. 'మేడం, అది మా బాపు గోరి' అంటే అయిపోవు. సిగ్గువడి దండం పెట్టి ఎనుకకు తిరిగిపోవు ఆ పిల్ల. అననీకె గోపాల్ నోరు తెరిచిండు గూడ. భుజం మీది చెయ్యి జర బరువైంది. గేటు పక్క రెండర్రలు యాదికొచ్చినయి. తెరిచిన నోరు తెరిచినట్టే మూసిండు. ఎంత మొగోడు సూడుర్రి! ఆనాడు మూసిన నోరు మల్ల తెరుసుకోలే.

పని మొదలైంది. మమత టేపు తీసింది, ఒక కొస గోపాల్ చేతికిచ్చింది. బాపు కాళ్ల దిక్కు వాడు పట్టుకున్నడు, తలాపు దిక్కు ఆమె పట్టుకున్నది. జంగయ్య పొడుగు మనిషి. గందుకే ఆ పార్కుల బెంచీలన్ని పొడుగు బెంచీలే.

"బెంచీ ఎత్తుకు తగ్గ కుండీ ఉండాలి గోపాల్ గారూ," అని ఓపిగ్గ చెప్తుండె ఆమె. "కుండీ మరీ ఎత్తైతే కూర్చున్నవాళ్లు గుంతలో ఉన్నట్టుంటారు. మరీ పొట్టిదైతే ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టుంటుంది. ఇది చూడండి, కూర్చుంటే సరిగ్గా భుజం దగ్గరికి ఆకు వస్తుంది. కట్టినవాళ్లకి ఎంత లెక్క తెలుసో!"

"అవు మేడం," అన్నడు గోపాల్.

ఇటుకరంగు కుండ్లకు, అదే రంగు దీపాల టోపీలకు, అదే రంగు గడ్డిల నిలవెట్టిన సిమెంటు కొంగల ముక్కులకు. ఒక రంగు పట్టుకుంటే అది మూడు తావుల కనవడాల్నంట, గప్పుడే కంటికి కలిసినట్టుంటదంట. కుండ్ల మొదట్ల తెల్లటి గులకరాళ్లు పోసిండ్రు. బెంచీలన్నిటి మీద, గోరి మీద గూడ, నున్నటి నల్లరాయి పరిచిండ్రు. కొత్త బెంచీలన్ని బాటల ఎంబడి తూర్పు పడమర ఏసిండ్రు, కుండి తూర్పు కొసకు. నడిమిది ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉత్తర దక్షిణాలకు ఉన్నది. "అన్నీ ఒకే వరసైతే బడిలో బల్లల్లా ఉంటాయి. మధ్యలో ఒకటి అడ్డంగా ఉంటేనే అందం," అన్నది మమత.

నడిమి కుండిల జంగయ్య తలాపున తులసి ఎండి కట్టెలాగ నిలవడి ఉండె. "ఇది తీసేద్దామా?" అన్నది. మేస్త్రీ ఇంకా రాలే, గోపాల్‌నే తియ్యమన్నది. గుంజంగనే ఏర్లతోని మన్ను ఊడొచ్చింది. ఆ మన్ను చేతులకు అంటుకుంటే గోపాల్ నల్లా కాడ కడిగిండు, కడిగిండు, భాగ్యలక్ష్మి వచ్చి నల్లా బందువెట్టేదాక కడుక్కుంటనే ఉన్నడు. తులసి జాగల ఎర్ర ఆకుల క్రోటన్ పెట్టిండ్రు. అన్ని కుండ్లల్ల అదే.

పార్కు చూసి కండ్లు తిప్పుకోనీకె లేదు, ఆ మాట ఒప్పుకోవాలె. ప్లాట్లు పోవుడు షురువైంది. కార్లల్ల వచ్చినోళ్లు నడిమి బెంచి మీదనే కూసుంటరు, ఫోటోలు దిగుతరు, చెప్పులతోని కాళ్లు పైకి పెడ్తరు. పిల్లలు కుండి ఎక్కి దుంకుతరు. గోపాల్ గేటు కాడ నిలవడి చూస్తడు. వాని పానం గిలగిల కొట్టుకుంటది. కని దిగుర్రి అనాల్నంటే ఎందుకో చెప్పాలె. చెప్తె కొన్నోళ్లంత లొల్లికొస్తరు, వెంచర్ మునుగుతది, రెండర్రలు పోతయి. చెప్పకపోతె బాపు మీద చెప్పులు. ఎటు తిరిగినా గోడే. తన చెలకల్నే కట్టేసిన మేక తీరు, తాడు ఎంత పొడుగుంటె గంతల్నే తిరుగుకుంట గడుపుతుండు.

పాలమూరు నుంచి సుక్కమ్మ ఫోను జేస్తది. "బాపు కాడ తులసి పచ్చగున్నదారా?"

"ఉన్నదే."

"నీళ్లు పోస్తున్నవా?"

"పోస్తున్ననే." అది అబద్ధం గాదు. క్రోటన్‌కు రోజు పోస్తనే ఉన్నడు.

గిట్ల నడుస్తుండంగ పెత్రమాస దగ్గరికొచ్చింది. మా దిక్కు పెత్రమాసంటే పొద్దున సచ్చినోళ్ల పేరు మీద బియ్యమిచ్చుడు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుడు. ఏడుపు, పండుగ ఒక్క దినమే. కృష్ణకాంత్ ఆ సాయంత్రం పార్కుల బతుకమ్మ పెట్టిచ్చిండు. ప్లాట్లు కొన్నోళ్ల ఆడోళ్లు, కొననీకె చూస్తున్నోళ్ల ఆడోళ్లు అందరు రావాలె, మైకు, ముగ్గులు, మమత వచ్చి నడిమి బెంచి చుట్టు అలంకారం చెయ్యాలె.

గోపాల్ ధైర్నం చేసి ఆఫీసుల నిలవడ్డడు. "సార్, ఆనాడే మా అమ్మొస్తదంట. దీపం పెట్టనీకె."

కృష్ణకాంత్ ఫోను పక్కకు పెట్టిండు. కోపం జెయ్యలే. కోపం జేసినా బాగుండు.

"రానియ్యి, పాపం. పెద్దమనిషి. నీళ్ల ట్యాంకు ఎనుక మూల బెంచి ఉన్నది గద, అది చూపియ్యి. అన్ని ఒక్క తీరే ఉన్నయి, ఆమెకేం తెలుస్తది? కండ్లు గూడ ఆనవంటివి."

"సార్..."

"దీపం ఏడ పెడితేందిరా? మీ నాయిన సర్గంల ఉన్నడు, బెంచీలల్ల ఉన్నడా?"

గోపాల్ తలకాయ ఊపిండు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తె భాగ్యలక్ష్మి ఉలిక్కిపడ్డది.

"ఓ అయ్యో! మొగని గోరి మార్చి చూపెడ్తవా కన్నతల్లికి? నీ నోరు పడిపోను, ఎట్ల ఒప్పుకున్నవయ్యా?"

"మరేం జెయ్యమంటవే? చెప్పు. పిల్లలను పట్టుకోని ఏడికి పోదాం?"

భాగ్యలక్ష్మి పండుకున్న పిల్లల మీద దుప్పటి సదిరింది.

అమాస నాడు గోపాల్ లెక్కేంటిదంటే, అమ్మ బస్టాండుల దిగుతది, తను పోయి తోలుకొస్తడు, మెల్లగ ముచ్చట జెప్పుకుంట ఎనుక గేటు నుంచి మూల బెంచి కాడికి తీస్కపోతడు. సుక్కమ్మ వాని లెక్క వింటదా? పాలమూరు బస్సు దేవరకొండ మీదికెల్లే వస్తది గద. ఆర్చి కాడ డ్రైవరును ఆపుమని లొల్లిజేసి దిగింది. బస్సు మధ్యల చెడిపోయిందంట, పొద్దున రావల్సిన మనిషి సాయంత్రం ఎండ వాలేటప్పటికి వచ్చింది. అప్పటికే ఆడోళ్లు బతుకమ్మలు ఎత్తుకోని ఒక్కొక్కలు వస్తున్నరు. గోపాల్ గేటు కాడ కార్లు పెట్టిస్తుండు. తల తిప్పి చూస్తె ముంగట అమ్మ. నెత్తి మీద సద్దిమూట, కండ్లకు నల్ల అద్దాలు.

"అమ్మా, గీ అద్దాలేంది?"

"ఆపరేషన్ అయ్యిందిరా! నీకు చెప్పొద్దన్న, ఫికర్ జేస్తవని. ఇప్పుడు సూది కండ్ల దారం ఎక్కిస్తున్న," అని అద్దాలు తీసి కొంగుకు కట్టుకున్నది. మొఖం ఎలిగిపోతాంది.

గోపాల్ ఎనుక గేటు దిక్కు చూసిండు.

సుక్కమ్మ ఆర్చి కింద నిలవడి లోపలికి చూసింది. నవ్వు మొఖం మెల్లగ మాడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఓ కొడకా, గింతమంది ఎన్నడు సచ్చిండ్రురా?"

"మెల్లగనే, మెల్లగ! గోర్లు గావు. బెంచీలు."

"బెంచీలా?"

ఒక తెల్లంగి ఆయన ఒకదాని మీద కాళ్లు జాపుకోని ఫోను చూసుకుంటుండు. ఆమె ఆయనను, కుండిని, మల్ల ఆయనను చూసింది.

"మరి తలాపున కుండ్లెందుకురా బెంచీలకు?"

"మ్యాచింగే అమ్మా. చీరెకు రైకె తీరు. పట్నపోళ్లు గట్ల పెట్టుకుంటరు. పా, బాపు కాడికి పోదాం, చీకటైతది."

చెయ్యి పట్టుకోని చుట్టు తిప్పి ట్యాంకు ఎనుక మూలకు తీస్కపోయిండు. "ఇదేనే," అన్నడు. ఆ మాట అన్నప్పుడు బెంచి దిక్కు చూసిండు, అమ్మ దిక్కు చూడలే.

సుక్కమ్మ మూట దించింది. నల్లరాయి మీద అరచెయ్యి పెట్టింది. "నున్నగ చేసిండ్రు," అన్నది. చెప్పులు ఇడిసింది, కూసున్నది, ప్రమిద తీసింది, ఒత్తి ఏసింది, అగ్గిపెట్టె తీసి పుల్ల గీకవోయి ఆగింది. మునిగే పొద్దు దిక్కు చూసింది. కుండి దిక్కు చూసింది. మల్ల పొద్దు దిక్కు.

"గోపాలూ. మీ బాపు తలాపు తూర్పుకు ఎన్నడు తిరిగిందిరా?"

సచ్చినోళ్లను దక్షిణం తలాపు చేసి పండవెడ్తరు. ఇది మా దిక్కు పసిపిల్లగాన్ని అడిగినా చెప్తడు. గోపాల్‌కు తెల్వదా? తెలుసు. కని ఇన్నొద్దులు బెంచి, బెంచి అని నలుగురికి చెప్పి చెప్పి, తలాపనేది ఒకటుంటదని యాది మరిచిండు.

"అది... పార్కు చేసేటప్పుడు జర సదిరిండ్రే," అన్నడు.

"సచ్చినోన్ని లేపి పక్క మార్చి పండవెట్టిండ్రా?"

ఆమె తిట్టలే. దీపం, మూట తీస్కోని లేచింది. మోకాళ్లు పట్టుకుంట బాట మీదికి నడిచింది. ఒక్కో బెంచి కాడ ఆగుతాంది, పొద్దును చూస్తాంది, కుండిని చూస్తాంది, ముంగటికి పోతాంది. తూర్పు, తూర్పు, తూర్పు. ఎనుక గోపాల్ "అమ్మా, ఆగే, జర ఇను" అనుకుంట ఉరుకుతుండు. చెయ్యి పట్టి ఆపనీకె గూడ ధైర్నం లేదు, అంతటా జనం.

నడిమి బెంచి కాడ ఆగింది.

మమత పొద్దటి సంది కూసోని ముగ్గేసింది. ముగ్గు మీద, బెంచి చుట్టు, బతుకమ్మలు పెట్టి ఉన్నయి. గునుగు, తంగేడు, బంతి, కట్ల. ఇటుకరంగు కుండికి కలిసేటట్టు ఎర్రబంతి దండ చుట్టిచ్చింది. సుక్కమ్మ బతుకమ్మల సందులకెల్లి పైలంగ కాళ్లేసుకుంట పోయింది. కుండి కాడ వంగింది. క్రోటన్ మొదట్ల మన్నుల ఏలు పెట్టింది. ఏలు ఆడనే ఉంచి కండ్లు మూసుకున్నది.

గోపాల్ బతుకమ్మల ఇవతలనే ఆగిండు. ఇప్పుడు శోకం తీస్తది. మొగని పేరు వెట్టి, గుండెలు కొట్టుకోని, పార్కు అదిరేటట్టు ఏడుస్తది. ఆడోళ్లంత ఎనుకకు జరుగుతరు. అయిపోయింది, అంత అయిపోయింది. నిజం జెప్పాల్నంటే వాని మనసుల ఒక మూల, ఏడువే అమ్మా, నువ్వన్న ఏడువు, నేను బయటవడ్త అని ఉన్నది.

మైకు పట్టుకోని కృష్ణకాంత్ ఉరికొచ్చిండు. "ఏమ్మా సుక్కమ్మా, మంచిగున్నవా? ఎప్పుడొచ్చినవు?" అని నవ్వుకుంటనే పండ్లు కొరుకుతుండు.

సుక్కమ్మ లేచి కొంగు సదురుకున్నది. "మంచిగున్న సారూ. పూలల్ల పెట్టినవు. మంచిగున్నది."

కృష్ణకాంత్‌కు పానం తిరిగొచ్చింది. మమత దగ్గరికొచ్చి, "గోపాల్ గారి అమ్మగారా? కూర్చోండమ్మా. ఈ పార్కంతా ఈ ఒక్క బెంచీని చూసే చేశానమ్మా. ఇది మీదేనట కదా," అన్నది నిండు మనసుతోని.

"మాదే బిడ్డా," అన్నది సుక్కమ్మ. ఆ పిల్ల చెంప నిమిరింది. తర్వాత కొడుకు దిక్కు తిరిగింది.

"గోపాలూ, కూసో."

"నేను నిలవడ్తనే."

"యాడాది సంది నిలవడే ఉన్నవంట. కోడలు ఫోన్ల ఏడ్చింది, ఎందుకో జెప్పలే. కూసో."

"వద్దమ్మా. కార్లు... గేటు కాడ..."

బతుకమ్మ చేతవట్టుకోని నిలవడ్డ ఒకామె నవ్వింది. "ఓ అన్నా, తల్లి అంత బతిమాలవట్టె, కూసోరాదె. ఏమన్న ఉన్నదా ఏంది దాని మీద? మేము పొద్దూక కూసుంటనే ఉంటిమి గద!"

చుట్టున్నోళ్లు గొల్లుమన్నరు. ఒకలిద్దరు మాత్రం నవ్వలే. గోపాల్ మొఖం, బెంచి దిక్కు చూసుకుంట నిలవడ్డరు. కృష్ణకాంత్ మైకు కిందికి దించి, ఇనవడీ ఇనవడనట్టు అన్నడు: "కూసోరా."

గోపాల్ అమ్మను చూసిండు. ఆమె కండ్లల్ల కోపం లేదు. చెలకల సద్ది ఇప్పుకుంట పిలిచినప్పుడు ఎట్ల చూస్తుండెనో గట్లనే చూస్తాంది. వాడు చెప్పులు ఇడిసిండు. కూసున్నడు.

రాయి ఇంకా ఎచ్చగున్నది. దినమంత ఎండ తాగింది. ఆ ఎచ్చదనం ఎక్కుతుంటె గోపాల్‌కు చిన్నప్పుడు బాపు మెడ మీద ఎక్కి యాదగిరిగుట్ట మెట్లెక్కింది యాదికొచ్చింది. లేవాలె అనుకున్నడు, లేవలే. ఏడుపొచ్చింది, మైకు ఉన్నదని దిగమింగిండు.

గంతల్నే స్పీకరు మొదలైంది. ఆడోళ్లు బెంచి చుట్టు గుండ్రంగ నిలవడి చప్పట్లు ఎత్తుకున్నరు. నడుమ గోపాల్ ఒక్కడే మొగోడు. "ఓ అన్నా, నిన్ను గూడ బతుకమ్మ చేసిండ్రా?" అని ఒక పిల్ల ఆటవట్టిచ్చింది. కృష్ణకాంత్ అవతల నిలవడి, రా, ఇవతలికి రా అని చెయ్యి ఊపుతుండు. ఏడికెల్లి వస్తడు? ఒక వరస, దాని ఎనుక ఇంకో వరస, చుట్టు చీరెలే. ఆట కోసుకోని ఎవలన్న పోతరా? అటు చూసిండు, ఇటు చూసిండు, కూసున్నడు.

సుక్కమ్మ కుండి పక్కన నేల మీద కూసున్నది. దీపం ముట్టిచ్చి తలాపున పెట్టింది. బతుకమ్మల నడుమ ఒక దీపం, ఎవలికి వింత? మూట ఇప్పింది. అన్నం, యాటకూర, జంగయ్యకు పానమైన నువ్వుల రొట్టె. మోదుగాకు ఇస్తారి తీసింది. పేర్లు పెట్టి పిలిచి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఇస్తారి పెట్టుడు వాళ్ల ఇంట్ల ఆనవాయితి. జంగయ్య పేరుకు ఒక్కటే తెచ్చింది.

ఆ ఒక్క ఇస్తారిని నడుమకు చింపింది. ఒక ముక్క కుండి మొదట్ల, తెల్ల గులకరాళ్ల మీద పెట్టి, "జంగయ్యా, తిను," అని అన్నం పెట్టింది. ఇంకో ముక్క బెంచి మీద, గోపాల్ పక్కన పెట్టింది. దాంట్ల గూడ అన్నం, కూర, రొట్టె తుంచి పెట్టింది.

"ఇదెవలికే?" అన్నడు గోపాల్.

"మీ బాపొక్కడే ఈడున్నడనుకున్న," అన్నది సుక్కమ్మ. "నువ్వు గూడ ఈడనే ఉంటివి గద బిడ్డా."

చప్పట్లు జోరైనయి. సచ్చినోళ్లకు పెట్టినంక కాకి ముట్టేదాక జర ఎడంగ జరిగి చూస్తరు. సుక్కమ్మ గూడ గట్లనే జరిగి, మోకాళ్లు చుట్టుకోని కూసున్నది. పెత్రమాస నాడు బాపుకు పెట్టకముందు కొడుకు ఏం తినడని ఆమెకు ఎరుక. వాని చేతి దిక్కే చూసుకుంట కూసున్నది.